అన్నం సహించే బండి

ముందు ఆ తలుపు సంగతి చెప్పాలి.

మే నెల. సాయంత్రం నాలుగైనా విజయవాడ ఎండ దిగలేదు. తిరువూరులో మా చెల్లెలి కూతురి పెళ్లి. వన్‌టౌన్‌లో పట్టుచీరలు, ఇత్తడి సామాను కొని, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ నీడలో నిలబడి ఉన్నాను. మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడి వరస, కొత్తగా కొన్న కారు వచ్చి నా ముందు ఆగింది. తమ్ముడు కుటుంబంతో ముందురోజే ఊరికి వెళ్లిపోయి, నన్ను తీసుకురమ్మని కారు వెనక్కి పంపాడు. వెనక తలుపు తీసి కూర్చుని, మా డిజైర్‌కి వేసినట్టే గట్టిగా లాగాను. ధడేల్‌మనలేదు. నిండు బియ్యం బస్తాని ఇద్దరు మనుషులు చెరోపక్కా పట్టుకుని నెమ్మదిగా నేలకు దించితే ఒక చప్పుడు వస్తుంది చూశారూ, అచ్చం అదే. ఆ వెంటనే ఊరంతా నోరు మూసుకుంది. ఆటోలు కదులుతున్నాయి. ఆర్టీసీ బస్సు అద్దాలు అదురుతున్నాయి. చెరుకు రసం మిషను చక్రం గిర్రున తిరుగుతోంది, దానికి కట్టిన గజ్జెలు మాత్రం వినిపించడం లేదు. విజయవాడ నడిబొడ్డున నిశ్శబ్దం దొరుకుతుందని నాకు తెలిసింది ఆ క్షణంలోనే.

కారు మెర్సిడెస్ బెంజ్ ఇ-క్లాస్. 2024 అక్టోబరు 9న మన దేశంలో విడుదలైన కొత్త తరం, డీజిల్ రకం, పేరు ఇ 220 డి. విడుదలనాటి షోరూమ్ ధర 81.5 లక్షలు. ఆ కంపెనీ సెడాన్లలో సి దీనికన్నా చిన్నది, ఎస్ పెద్దది, ఈ ఇ నడిమిది. నేను ముప్పై ఏళ్లుగా బండి తోలుతున్నాను. నాన్న అంబాసిడర్ మీద నేర్చుకుని, ఇండికా మీదుగా డిజైర్ దాకా వచ్చాను. ఇలాంటి కారుని రోడ్డు మీద దాటిపోతుంటే చూడ్డమే తప్ప లోపల కాలు పెట్టడం ఇదే మొదటిసారి. ఆ సాయంత్రం నేను చూసిందంతా ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

మా విజయవాడ వాళ్లకి బెంజ్ అంటే మొదట లారీ. 1954లో టాటావారు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు కట్టడం మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. ముగిసినా మన లారీ వాళ్లు 'టాటా బెంజ్' అనడం మానలేదు. బెంజ్ సర్కిల్‌కి ఆ పేరు కూడా ఆ లారీల కంపెనీ వల్లే వచ్చిందని పెద్దవాళ్లు చెబుతారు. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన డ్రైవర్ బాబాయి కూడా టాటా లారీ మీద క్లీనర్‌గా చేరి స్టీరింగ్ పట్టినవాడే. అరవై దాటిన మనిషి. తర్వాత తిరువూరు టాక్సీ స్టాండులో అంబాసిడర్, ఆ తర్వాత నలుగురైదుగురు యజమానుల దగ్గర రకరకాల కార్లు. ఆయన్ని నా చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను.

"బాబాయ్, ఎట్టుంది బండి?" అన్నాను కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా.

"ఎట్టుందంటే ఏం చెప్పను బాబూ. రాత్రి ఇంటికెళ్లాక అన్నం సయిస్తంది" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. రోజుకి మూడొందల కిలోమీటర్లు తోలి ఇల్లు చేరిన రోజుల్లో చెవుల్లో ఇంజిన్ హోరు, మెడ పట్టేసి, కడుపులో తిప్పు, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదట. ఈ బండి వచ్చాక కూర్చుని కడుపునిండా తింటున్నాడు. "వాళ్లావిడ కూడా అడిగిందయ్యా, ఏ బండి తోల్తన్నావు అని" అంటూ, తన భార్య గురించే ఎవరి గురించో చెప్పినట్టు చెప్పి మురిసిపోయాడు. కార్ల గురించి ఇంతకాలం నేను చదివిందాంట్లో ఎక్కడా ఇంత మంచి కొలత కనపడలేదు. గుర్రపు బలం ఎంత, వందకు ఎన్ని సెకన్లలో వెళ్తుంది అని రాస్తారు. తోలినవాడికి ఆ రాత్రి అన్నం సహించిందా అని ఎవరూ రాయరు.

గొల్లపూడి దాటాం. ఎడమవైపు నుంచి ఎండ సూటిగా మొహం మీద పడుతోంది. బాబాయి వెనక్కి తిరక్కుండానే "ఆ తలుపు పక్కన మీట నొక్కండి బాబూ" అన్నాడు. నొక్కితే కిటికీకి నల్లటి సన్నని తెర పాకుతూ పైకి లేచింది. ఎండ పోయింది, చూపు పోలేదు. ఇంకో మీట నొక్కితే సీటు వీపు 36 డిగ్రీల దాకా వాలింది. తొడల కింద దిండు మరో 40 మిల్లీమీటర్లు ముందుకు జరిగింది. నేను ఆరడుగుల మనిషిని. మామూలు కారు వెనక సీట్లో మోకాళ్లు రెండూ పైకి లేచి, తొడలు గాల్లో ఉంటాయి. ఇక్కడ తొడ పొడుగునా ఆసరా. వడ్రంగి నా కొలతలు తీసుకుని నా కోసమే చేసిన పడక్కుర్చీలా ఉంది.

ఈ చోటు ఎక్కడినుంచి వచ్చిందో బండి కొలతలు చూస్తే తెలుస్తుంది. యూరప్‌లో అమ్మే ఇ-క్లాస్‌కి ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ 2,961 మిల్లీమీటర్లు. మన దేశంలో అమ్మేదానికి 3,094. తేడా 133 మిల్లీమీటర్లు, బెత్తెడుకి ఎక్కువ, జానెడుకి తక్కువ. ఆ కాస్తా మొత్తం వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్ల ముందే పెట్టారు. ఈ పొడుగు ఇ-క్లాస్ 2017లో మొదటిసారి మన దేశానికి వచ్చినప్పుడు, స్టీరింగ్ కుడివైపు ఉండే దేశాలన్నిటిలోకీ మొదట దొరికింది మనకే. పుణె దగ్గర చాకన్‌లో కడతారు. ఈసారి మార్పులో ఆ పొడుగుకి ఇంకో 15 మిల్లీమీటర్లు కలిపారు. బీఎండబ్ల్యూ వాళ్లు కూడా 2024 జూలైలో తమ 5 సిరీస్‌ని 3,105 మిల్లీమీటర్ల వీల్‌బేస్‌తో తెచ్చారు. మన దేశంలో ఇంత డబ్బు పెట్టేవాళ్లు చాలామంది వెనక కూర్చుంటారని రెండు కంపెనీలకీ తెలుసు.

ఇబ్రహీంపట్నం రింగు దగ్గర హైదరాబాద్ రోడ్డు వదిలి కుడికి తిరిగాం. ఇక్కణ్నుంచే 30వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లు దీన్ని ఇంకా 221 అనే అంటారు, జగదల్‌పూర్ రోడ్డు అని కూడా అంటారు. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో బయల్దేరిన రోడ్డు ఛత్తీస్‌గఢ్ అడవులు దాటి, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా మా తిరువూరు గుండా దిగి, ఈ రింగు దగ్గర ఆగుతుంది. కొండపల్లి, జి.కొండూరు, మైలవరం, ఎ.కొండూరు, తిరువూరు. ఈ దారిలో ఏ ఊరి ముందు ఏ స్పీడ్ బ్రేకర్ ఉందో నా నడుముకి కంఠతా వచ్చు. కాబట్టి కొండపల్లి దాటాక నేను కావాలని కళ్లు మూసుకున్నాను. ఇప్పుడు తగులుతుంది, ఇప్పుడు తగులుతుంది అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

తగిలింది. తెలిసింది కూడా. ఎక్కడో కిందింట్లో ఎవరో పీట జరిపినట్టు చిన్న ధ్వని, అంతే. నడుము దాకా రాలేదు.

దీని వెనక కిటుకు ఆ పొడుగులోనే ఉంది. చిన్న పీట ఒక కోటి కింద ఇటుక పెట్టండి, బాగా ఒరుగుతుంది. అదే ఇటుక నులక మంచం కోటి కింద పెట్టండి, ఒరుగు అంతగా తెలీదు. ముందు చక్రం గుంటలో పడ్డప్పుడు వెనక చక్రం ఎంత దూరంలో ఉంటే బండి అంత తక్కువ ఊగుతుంది. ఊగు తక్కువైతే తలకాయ ఊగదు. తలకాయ ఊగకపోతే కడుపులో తిప్పదు. అన్నం సహించే రహస్యంలో సగం అక్కడే దొరికింది నాకు.

పొడుగుతో వచ్చే చిక్కు కూడా బాబాయి చూపించాడు. ఒక ఊరి ముందు మనిషి పడుకున్నంత ఎత్తున స్పీడ్ బ్రేకర్ ఉంది. చక్రాల మధ్య దూరం ఎక్కువైతే బండి పొట్ట దానికి రాసుకునే ప్రమాదం ఉంటుంది. బాబాయి వేగం నడక స్థాయికి దించి, బండిని ఏటవాలుగా పెట్టి, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా ఎక్కించి దించాడు. ముందు ఎడమ, తర్వాత ముందు కుడి, ఆ తర్వాత వెనకవి. నాలుగు కాళ్ల జంతువు గట్టు దాటినట్టే దాటించాడు. "బొడ్డు తగలగూడదు బాబూ, తగిల్తే వేలల్లో ఉంటది" అన్నాడు. జర్మనీ వాళ్ల ఇంజినీరింగు ఎంత గొప్పదైనా, మన రోడ్డు మీద దాని పని పూర్తయ్యేది ఇలాంటి చేతుల్లోనే.

మైలవరంలో టీకి ఆగాం. తమ్ముడి ఫోను వచ్చింది. "అన్నయ్యా, మైలవరం దాటాక నువ్వు తోలు. బాబాయి పక్కన ఉంటాడుగా" అన్నాడు. గుండె జల్లుమంది. గాజుగ్లాసు చేతిలో పట్టుకుని, తాళం తీసుకునేముందు బాబాయిని ఒకటి అడిగాను. "ఈ బండిని మళ్లీ కొత్తగా చేస్తామని కంపెనీవాళ్లు నీ దగ్గరికొచ్చి ఏం కావాలి అంటే ఏం చెప్తావు?"

ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. గ్లాసు కింద పెట్టి వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

మొదటి వేలు, మీటలు. ఏ కొత్త కారులో చూసినా అన్నీ తెర మీదకి ఎక్కిస్తున్నారు. ఈ బండిలో నడిమి తెరే 14.4 అంగుళాలు. చూడ్డానికి దేవుడి గదిలో దీపాలంత అందంగా ఉంది. "ఏసీ తగ్గించాలంటే నేను రోడ్డు మీద చూపు తీయకూడదు. చేత్తో తడిమితే తగలాల" అన్నాడు. ఆ మాట ఆయనొక్కడిది కాదు. కార్ల భద్రతకు మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి ఇండికేటరు, వైపరు, హారను, ప్రమాద దీపాల లాంటివాటికి చేత్తో తగిలే విడి మీటలు ఉంటేనే పూర్తి మార్కులు అంటోంది. మైలవరం టీకొట్టు దగ్గర అరవయ్యేళ్ల డ్రైవరూ బెల్జియంలో కూర్చున్న నిపుణులూ ఒకే మాట దగ్గరకి వచ్చారు.

రెండో వేలు, స్టెప్నీ. మన రోడ్లకి అది లేకుండా కుదరదు. పాత తరం పొడుగు ఇ-క్లాస్‌లో అది డిక్కీలోనే సగం చోటు తినేసేదని, దాని మీద దుప్పటి కప్పి సామాను సర్దేవాళ్లమని చెప్పాడు. కొత్తదాంట్లో దాన్ని డిక్కీ అడుగున దాచేశారు. ఆయన డిక్కీ తీసి చూపిస్తుంటే నాకు నోట మాట రాలేదు. రెండు పెద్ద సూట్‌కేసులు, చీరల అట్టపెట్టెలు, ఇత్తడి బిందెలున్న గోనెసంచి, ఇవన్నీ పోగా రెండు రసాల బుట్టలకి ఇంకా చోటుంది. మనం రోజూ అనే ఈ స్టెప్నీ అన్న మాట కూడా ఒక వీధి పేరు. వేల్స్ దేశంలో లనెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధిలో 1904లో ఇద్దరు అన్నదమ్ములు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరు ఇప్పటికీ మన మెకానిక్ షెడ్డుల్లో బతికే ఉంది.

మూడో వేలు, దీపాలు. "రెండు లైన్ల రోడ్డు బాబూ. ఎదురొచ్చేవాడు లైటు దించడు. మనం దించితే మనకి దారి కనపడదు" అన్నాడు. దీనికి మందు ఇప్పటికే ఉంది. మెర్సిడెస్ వాళ్ల డిజిటల్ లైట్ అనే ఏర్పాటులో ఒక్కో హెడ్‌లైటులో 13 లక్షల సూక్ష్మమైన అద్దాలు ఉంటాయి. ఎదురుగా వచ్చే బండి మీద పడే వెలుగుని మాత్రం కత్తిరించి, మిగతా దారంతా వెలిగిస్తాయి. ఇలాంటిది ఖరీదైన రకాలకే ఇచ్చి ఆపకుండా ప్రతి రకానికీ ఇవ్వాలన్నది ఆయన కోరిక. 30వ నంబరు రోడ్డు మీద రాత్రి తోలేవాడికి ఇంతకు మించిన వరం లేదు.

నాలుగో వేలు, మలుపు. పొడుగు బండి సందులో తిరగాలంటే మూడుసార్లు వెనక్కీ ముందుకీ వేయాలి. విదేశాల్లో ఇదే ఇ-క్లాస్‌కి వెనక చక్రాలు కూడా 4.5 డిగ్రీల దాకా తిరిగే ఏర్పాటు అడిగితే దొరుకుతుంది. పొడుగు బండి కొనేది మనం, సందులు ఉన్నది మనకి. అది మనకే ముందు రావాలి.

అయిదో వేలు మడవడానికి కాస్త మొహమాటపడ్డాడు. "పెళ్లికి తీసుకెళ్తాం బాబూ. మీరంతా లోపల నాలుగ్గంటలు. మేం బయట బండిలో. ఏసీ వేస్తే డీజిలు కాలిపోతదని ఆపేస్తాం. అద్దాలు దించితే దోమలు. ఇంజిను ఆడకుండా కాస్త గాలి తగిలే ఏర్పాటు, సీటు వాలితే పడుకునే వీలు, క్యారేజీ పెట్టుకోను ఒక అర. అంతకన్నా ఏం కావాల" అన్నాడు. ఇది కూడా అసాధ్యమేమీ కాదు. కరెంటు కార్లలో ఏసీ బ్యాటరీ మీదే నడుస్తుంది. 2024 డిసెంబరులో కొత్త రూపంతో వచ్చిన టొయోటా కామ్రీ లాంటి హైబ్రిడ్ బండిలో కూడా ఇంజిను ఆగి ఉన్నా ఏసీ చల్లగానే ఉంటుంది. బ్యాటరీ తగ్గినప్పుడు మాత్రమే ఇంజిను కాసేపు లేచి మళ్లీ ఆగుతుంది. వెనక సీటుకి 36 డిగ్రీల వాలు ఇచ్చిన బుర్రలు ముందు సీటులో ఎదురుచూసే మనిషి గురించి కూడా ఒక పూట ఆలోచిస్తే చాలు.

నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

మొదటి అర కిలోమీటరు ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. తర్వాత బండి నన్ను ఓదార్చినట్టు అనిపించింది. స్టీరింగ్ వేలితో తిప్పేంత తేలిక, అయినా చక్రం ఎక్కడుందో చేతికి తెలుస్తూనే ఉంది. గేర్లు తొమ్మిది. అవి ఎప్పుడు మారుతున్నాయో పట్టుకుందామని చెవి ఒగ్గి విన్నాను, దొరకలేదు. నాన్న అంబాసిడర్‌లో స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్డు గుర్తొచ్చింది. రెండో గేరు నుంచి మూడో గేరుకి వేయడమంటే అదొక కసరత్తు. ఆ బండి మీద నాకున్న ప్రేమ ఎప్పటికీ తగ్గదు. 2014లో దాన్ని తయారుచేసే ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా అర్ధ శతాబ్దం పైన ఈ దేశాన్ని మోసిన బండి అది. ఆ గేరు రాడ్డు లాగిన చెయ్యే ఈ రోజు ఖాళీగా ఒళ్లో ఉంది. ఒకే మనిషి జీవితంలో ఇంత దూరం రావచ్చని నాకు తెలీదు.

ఎ.కొండూరు ఇంకా కొంత దూరం ఉందనగా పత్తి గింజల లోడు లారీ ఒకటి అడ్డం వచ్చింది. ఎదురుగా మామిడికాయల మినీ లారీలు వరసగా వస్తున్నాయి. మా డిజైర్ అయితే గేరు దించి, ఏసీ ఆపి, దేవుడికి దణ్ణం పెట్టుకుని దాటాలి. బాబాయి "ఇప్పుడు కాదు... ఇప్పుడు కాదు... ఆఁ, వెళ్లండి" అన్నాడు. కాలు కాస్త నొక్కాను. 440 న్యూటన్ మీటర్ల లాగుడు అని కాగితం మీద చదివితే ఏమీ తెలీదు. ఒళ్లు తెలుసుకుంటుంది. బలమైన ఒంగోలు గిత్త కాడి మెడ మీద పడగానే మొదటి అడుగులోనే బండిని కదిలిస్తుంది చూడండి, అలా కదిలింది. 1,800 చుట్ల దగ్గరే ఆ లాగుడంతా చేతికొస్తుంది కాబట్టి ఇంజిను అరవాల్సిన పనే లేదు. లారీ పక్కన నేను ఉన్న సమయం రెండు మూడు గుక్కల ఊపిరి. రెండు లైన్ల రోడ్డు మీద బలం ఉండాల్సింది ఇందుకే. ఎదురు లైనులో నిలబడే ఒక్కో సెకను తగ్గితే ఒక ఇంటికి దీపం నిలుస్తుంది.

ప్రాణాల గురించి ఈ బండిలో తీసుకున్న శ్రద్ధ నన్ను ఇంకా కదిలించింది. కొత్త ఇ-క్లాస్ యూరప్ రకాన్ని 2024లో యూరో ఎన్‌క్యాప్ గుద్ది చూసింది. అయిదు నక్షత్రాలు వచ్చాయి. ఆ ఏడాది వాళ్లు పరీక్షించిన కార్లన్నిటిలో అన్నిటికన్నా మంచి మార్కులు దీనివే. ఖరీదైన కారు గురించి తిరువూరు వాడికెందుకు అని ఎవరైనా అంటే నా దగ్గర జవాబుంది. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు జారకుండా పట్టే ఏబీఎస్, 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది. డ్రైవర్ ముందు ఎయిర్‌బ్యాగ్ అదే ఎస్-క్లాస్‌లో 1981లో వచ్చింది. అప్పుడు అవి కోటీశ్వరుల సొత్తు. ఆ రెండూ లేకుండా కారు అమ్మకూడదని మన దేశంలో 2019లో నియమం వచ్చింది. 2024 నవంబరులో కొత్త రూపంతో వచ్చిన డిజైర్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాలకీ ఉన్నాయి, గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. పెద్ద కారులో ఈ రోజు పెట్టే మంచి రేపు మన ఇంటి ముందుకి నడిచొస్తుంది. అందుకే ఇ-క్లాస్‌ని కొత్తగా మలిచేటప్పుడు ఏం పెట్టాలి అన్నది కొనగలిగిన కొద్దిమంది సంగతిగా నాకు కనపడటం లేదు.

ఈ కారు పుట్టుకలోనే డ్రైవర్లున్నారు. జర్మనీలో దీని పాత తరాలు ఎక్కువగా కనపడింది టాక్సీ స్టాండుల్లోనే. గ్రీసు దేశంలో థెస్సలొనీకి అనే ఊళ్లో గ్రెగోరియోస్ సచినిడిస్ అనే టాక్సీ డ్రైవర్ ఉండేవాడు. ఇ-క్లాస్‌కి తాత వరసయ్యే 1976 నాటి 240 డి డీజిల్ కారుని ఆయన 1981లో పాతదిగా కొన్నాడు. 2004లో దాన్ని మెర్సిడెస్ మ్యూజియానికి అప్పజెప్పేటప్పటికి మీటరు లెక్క 46 లక్షల కిలోమీటర్లు. తిరువూరు నుంచి విజయవాడకి సుమారు 75 కిలోమీటర్లు కదా, రోజూ వెళ్లొచ్చినా అన్ని కిలోమీటర్లు తిరగడానికి 84 ఏళ్లు పడుతుంది. ఈ సంగతి చెబితే బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయిల్ టైముకి మార్చుంటాడు" అన్నాడు. ఎంతో దూరాన ఉన్న తోటి పనివాడికి ఆయన ఇచ్చిన గౌరవం అది.

చీకటి పడుతుండగా తిరువూరు వచ్చింది. మా వీధి సన్నం. ఒకపక్క మురుగు కాలవ, ఇంకోపక్క పెళ్లి పందిరి రాటలు. తెర మీద ఆకాశంలోంచి చూస్తున్నట్టు బండి బొమ్మ వచ్చింది, నాలుగు పక్కలా ఎంత చోటుందో కనపడుతోంది. రాటకీ అద్దానికీ మధ్య చెయ్యి పట్టేంత సందు. పందిట్లో పిల్లలంతా పరిగెత్తుకొచ్చి నిలబడ్డారు. ఇంజిను ఆపి దిగాను.

దిగి ఒక్క క్షణం అలాగే నిలబడ్డాను. ఈ దారిలో బండి తోలి దిగిన ప్రతిసారీ రెండు చేతులు నడుము మీద పెట్టుకుని వెనక్కి విరుచుకోవడం నాకు అలవాటు. చేతులు వాటంతట అవే నడుము దగ్గరికి వెళ్లాయి. విరుచుకోవాల్సిన అవసరం కనపడక కిందికి దిగిపోయాయి. భుజాలు తేలిగ్గా ఉన్నాయి. చెవుల్లో హోరు లేదు. కారంటే మెరుపు, చుక్క గుర్తు, నలుగురూ చూడటం అని ఇన్నేళ్లూ అనుకున్నాను. దాని అసలు అర్థం ఒళ్లు అలిసిపోకుండా ఇల్లు చేరడమని ఆ వీధిలో నిలబడి తెలుసుకున్నాను.

ఆ రాత్రి పందిట్లో బాబాయి, నేను పక్కపక్కనే ఆకులు వేసుకుని కూర్చున్నాం. పప్పు, గోంగూర, వంకాయ కూర, ఆవకాయ, ఒక్కొక్కటీ రెండోసారి వడ్డించుకున్నాడు. నేనూ అంతే.

ఇలాంటి కారు కొనబోతున్నవాళ్లకి నాది ఒక్కటే విన్నపం. షోరూముకి వెళ్లేటప్పుడు మీతోపాటు మీ డ్రైవర్‌ని కూడా తీసుకెళ్లండి. మీరు వెనక సీటు చూసుకోండి, ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి ఒక గంట తోలనివ్వండి. మీటలు చేతికి తగులుతున్నాయా, దీపాలు సరిపోతాయా, స్టెప్నీ ఎక్కడుంది, సీటు వాలుతుందా అని ఆయన్నే చూడమనండి. మర్నాడు పొద్దున ఆయన్ని పిలిచి, రాత్రి అన్నం సహించిందా అని అడగండి. సహించింది అంటే సంతకం పెట్టండి.